ఫ్లెక్సీ మీది బొమ్మ ఎవరిది?

జనవరిలో కిరాణా కొట్లు పంచే క్యాలెండర్లు, వేసవి ముగిసే వేళకు ప్రైవేటు పాఠశాలల ప్రవేశ కరపత్రాలు, శ్రావణమాసంలో బట్టల దుకాణాల తగ్గింపు ధరల ఫ్లెక్సీలు, పండుగలకు కూడలిలో శుభాకాంక్షల బ్యానర్లు. సరిహద్దు పల్లెల్లో ఏడాది పొడుగునా ఏదో ఒక ప్రకటన గోడకో స్తంభానికో వేలాడుతూనే ఉంటుంది. ప్రతి ప్రకటనలోనూ ఒక బొమ్మ ఉంటుంది. దేవుని బొమ్మ, సినీ నటుని బొమ్మ, నవ్వుతున్న పిల్లల బొమ్మ, పచ్చని పొలం బొమ్మ. ఆ బొమ్మ ఎక్కడి నుండి వచ్చిందని అడిగితే డీటీపీ సెంటరులో కుర్రవాడు చెప్పే సమాధానం ఒకటే: "గూగుల్‌లో దొరికింది."

దొరికిన వస్తువు దొరికిన వాడిది కాదని పల్లెలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. దారిలో దొరికిన మేకపిల్లను ఇంటికి తోలుకొచ్చి కట్టేసుకుంటే ఊరు ఊరుకోదు. బొమ్మ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఈ ఇంగితం పనిచేయడం లేదు. నిన్నమొన్నటి వరకు దీని వల్ల పెద్ద చిక్కు రాలేదు. కూడలిలో కట్టిన ఫ్లెక్సీ వానకు తడిసి, గాలికి చిరిగి, చివరికి పశువుల కొట్టం మీద కప్పుగా మారేది. దాని మీది బొమ్మ అసలు యజమానికి ఆ సంగతి తెలిసే అవకాశమే ఉండేది కాదు. నేడు అదే ఫ్లెక్సీ ముందుగా దుకాణదారుని ఫేస్‌బుక్ పేజీలోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ కనబడుతున్నది. ఒక ఫొటో నకళ్లు అంతర్జాలంలో ఎక్కడెక్కడ ఉన్నాయో వెదికిపెట్టే యంత్రాలు వచ్చాయి. వాటిని పెట్టుకొని పరిహారం వసూలు చేసే సంస్థలూ వెలిశాయి. పచ్చళ్లు, బెల్లం, చీరలు, జొన్నరొట్టెలు అమ్ముకునే పొదుపు సంఘాల మహిళలు కూడా ఫోను ద్వారానే ప్రచారం చేసుకుంటున్న ఈ రోజుల్లో బొమ్మ హక్కుల సంగతి పట్నపు కంపెనీలకే పరిమితమైన విషయం కాదు.

ముజఫర్‌నగర్ దుకాణం కథ

ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో ఒక నగల దుకాణం వారు ఒక హోర్డింగు పెట్టారు. అందులో అమితాబ్ బచ్చన్, జయా బచ్చన్ దంపతుల చిత్రం ఉన్నది. నిజానికి అది టైటాన్ సంస్థ తన తనిష్క్ వజ్రాభరణాల కోసం చేయించుకున్న ప్రకటన. ఆ దంపతులతో టైటాన్ ఒప్పందం చేసుకొని, డబ్బు చెల్లించి, ఆ చిత్రాలను తీయించుకున్నది. చిన్న పట్టణపు దుకాణం వారు దాన్నే తమ పేరుతో వాడుకున్నారు. టైటాన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2012 ఏప్రిల్‌లో తీర్పు వెలువడింది. ఆ హోర్డింగులో రెండు వేర్వేరు తప్పులను న్యాయస్థానం చూసింది. ప్రకటన చిత్రం మీద టైటాన్‌కు ఉన్న కాపీరైటును కాలరాయడం మొదటిది. తమ ముఖాన్ని ఏ వ్యాపారానికి ఇవ్వాలో, దేనికి ఇవ్వకూడదో నిర్ణయించుకునే ఆ దంపతుల హక్కును ఉల్లంఘించడం రెండవది.

సరిహద్దు పట్టణాల దుకాణదారులు ఈ కేసును గుర్తుంచుకోవడానికి మరొక కారణం ఉన్నది. దుకాణం ఉన్నది ముజఫర్‌నగర్‌లో. వ్యాజ్యం నడిచింది ఢిల్లీలో. కాపీరైటు యజమాని తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటి న్యాయస్థానంలో దావా వేయడానికి 1957 నాటి కాపీరైటు చట్టంలోని 62వ సెక్షను వీలు కల్పిస్తున్నది. ఆ వెసులుబాటుకు 2015లో సుప్రీంకోర్టు కొన్ని హద్దులు పెట్టినా, అది తొలగిపోలేదు. ఫ్లెక్సీ కట్టింది బళ్లారి కూడలిలోనా, పర్లాకిమిడి బజారులోనా అన్నదానితో సంబంధం లేకుండా నోటీసు చెన్నై నుండో ముంబయి నుండో రావచ్చు. చట్టం దేశమంతటికీ ఒకటే. కర్ణాటకలో డిజైన్ చేయించి, శివకాశిలో అచ్చువేయించి, ఆంధ్రలో పంచినంత మాత్రాన ఏ సరిహద్దూ రక్షణ ఇవ్వదు.

ఇలా ప్రకటనలో వాడే ప్రతి బొమ్మకూ రెండు తాళాలు ఉన్నాయని అర్థమవుతున్నది. ఒక తాళంచెవి బొమ్మ తీసిన లేదా గీసిన వారి దగ్గర ఉంటుంది. రెండవది బొమ్మలో కనబడే మనిషి దగ్గర ఉంటుంది. ఒక తాళం తీస్తే రెండవది తానుగా ఊడి రాదు. బొమ్మల విషయంలో వచ్చే తగవుల్లో చాలా భాగం ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల వచ్చేవే.

తీసిన వారి హక్కు

ఫొటో తీసిన మరుక్షణమే దానిపై హక్కు పుడుతుంది. దాన్ని ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు. ఫొటో మీద పేరు లేకపోయినా, అడ్డంగా నీడలాంటి ముద్ర లేకపోయినా హక్కు ఉంటుంది. 2012 జూన్‌లో అమలులోకి వచ్చిన సవరణ తరువాత ఫొటోలకు కూడా పుస్తకాలకూ చిత్రకళకూ ఉన్న గడువే వర్తిస్తున్నది: రచయిత జీవితకాలం, ఆపైన మరో 60 సంవత్సరాలు. అంతకు ముందు ఫొటోకు ప్రచురణ నాటి నుండి 60 ఏళ్లు మాత్రమే ఉండేది. కనుక 1951 వరకు ప్రచురితమైన పాత ఫొటోలు 2011 చివరి నాటికే స్వేచ్ఛగా వాడుకోదగినవి అయ్యాయి.

తెలుగు ఇళ్లలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూడాలంటే బాపు బొమ్మలను తీసుకోవాలి. సీతారాముల కల్యాణం బొమ్మ లేని పెళ్లిపత్రిక, బాపు గీత లేని ఉగాది శుభాకాంక్ష అరుదు. ఊరూరా అచ్చవుతున్నాయి గనుక అవి అందరివీ అనుకోవడం సహజం. బాపు 2014 ఆగస్టులో కన్నుమూశారు. చట్టం లెక్క ప్రకారం ఆయన బొమ్మలపై హక్కు 2074 చివరి వరకు ఉంటుంది. శ్రీకాకుళంలో పుట్టి పత్రికల ముఖచిత్రాలతో తెలుగువారి మనసుల్లో నిలిచిన వడ్డాది పాపయ్య 1992 డిసెంబరులో మరణించారు. ఆయన చిత్రాలకు 2052 చివరి వరకు రక్షణ ఉన్నది. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు 1925లోనే చిన్న వయసులో కన్నుమూశారు గనుక ఆయన చిత్రాల మీద ఎవరి అనుమతీ అక్కరలేదు. 1906లో గతించిన రాజా రవివర్మ లక్ష్మీ సరస్వతుల సంగతీ అంతే. దేవుడు అందరివాడే, కాని దేవుని బొమ్మ గీసిన చిత్రకారుడు ఒక మనిషి. ఆయన కుటుంబం ఉంటుంది. క్యాలెండరు అచ్చువేయించే వ్యాపారులు రవివర్మ బొమ్మనే ఎంచుకుంటే డబ్బూ మిగులుతుంది, చిక్కూ ఉండదు. అయితే రవివర్మ చిత్రానికి ఈ మధ్య ఎవరైనా కొత్త రంగులద్ది, మార్పులు చేసి అమ్ముతుంటే ఆ కొత్త రూపం సంగతి వేరు.

కట్టడాలు, శిల్పాల విషయంలో కూడా ఇదే విధమైన పొరపాటు జరుగుతున్నది. హోసపేటలో ఒక భోజనశాల తన పేరు కార్డు మీద హంపీ రాతిరథం ఫొటో వేయదలచుకున్నది అనుకుందాం. రాతిరథం ఎవరి సొత్తూ కాదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడం తప్పు కాదని చట్టమే చెబుతున్నది. కాని అంతర్జాలంలో కనబడిన రాతిరథం ఫొటో తీసినవారిది. వారు తెల్లవారుజామున లేచి, వెలుగు కోసం కాచుకుని తీసిన ఫొటో అది. లేపాక్షి బసవన్న దగ్గర తన ఫోనుతో తాను తీసుకున్న ఫొటోను ఆ ఊరి లాడ్జి యజమాని నిశ్చింతగా వాడుకోవచ్చు. పక్కవాడు తీసిన ఫొటోను వాడుకోలేడు. బసవన్న ఒకటే అయినా ఫొటోలు రెండు, హక్కుదారులు ఇద్దరు.

పెళ్లి ఫొటో ఎవరి సొత్తు?

కుటుంబాలకు నేరుగా సంబంధించిన ఒక నిబంధన చాలామందికి తెలియదు. సాధారణంగా ఫొటో హక్కు తీసినవారిదే. కాని డబ్బు చెల్లించి ఎవరైనా ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంత వరకు తీయించుకున్నవారే దానికి తొలి యజమాని అని చట్టంలోని 17వ సెక్షను చెబుతున్నది. అంటే పెళ్లి ఫొటోలకు డబ్బు కట్టిన కుటుంబమే వాటి హక్కుదారు, స్టూడియో కాదు.

ఈ మాటకు అర్థం చిన్నది కాదు. పెళ్లికూతురి ఫొటోను పెద్దది చేసి స్టూడియో గాజు తలుపు మీద అంటించడం, బ్యూటీ పార్లరు బోర్డు మీద వేయడం, మ్యారేజి బ్యూరో కరపత్రంలో అచ్చువేయడం సరిహద్దు పట్టణాలన్నింటా కనబడే వ్యవహారమే. ఆడపిల్ల ముఖం తెలియని ఊళ్లో, తెలియని దుకాణం ముందు వేలాడుతున్నదని బంధువులు వచ్చి చెబితే తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, కాని చేయగలిగింది ఏమీ లేదనుకుంటారు. చేయగలిగింది ఉన్నది. ఒప్పందంలో వేరే మాట లేకపోతే ఆ ఫొటో తీసివేయమని అడిగే హక్కు ఆ కుటుంబానిది. అయితే కొన్ని స్టూడియోల రసీదు వెనుక సన్నని అక్షరాల్లో "ఫొటోలను ప్రచారానికి వాడుకునే హక్కు మాకు కలదు" వంటి వాక్యం ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చే ముందే రసీదు తిప్పి చూడాలి. ఇష్టం లేకపోతే ఆ వాక్యం కొట్టివేయించి, ఇరుపక్షాలూ పక్కన సంతకం చేయాలి. రసీదు కన్నడంలోనో ఒడియాలోనో ఉండి ఇంటి పెద్దకు చదవడం రాకపోతే, చదువుకునే పిల్లలచేత చదివించుకోవాలి. ఇంటిలో తెలుగు, బడిలో మరొక భాష నేర్చిన పిల్లలు ఇలాంటి వేళ పెద్దలకు కళ్లవంటివారు.

కనబడే మనిషి హక్కు

రెండవ తాళం విషయంలో నిర్లక్ష్యం ఇంకా ఎక్కువ. 2007లో జరిగిన ఒక ఉదంతం దీన్ని బాగా విశదం చేస్తుంది. అమెరికాలోని డల్లాస్ ప్రాంతంలో ఒక బాలిక చర్చి కార్యక్రమంలో ఉండగా ఆమెకు తెలిసిన పెద్దమనిషి ఒకరు ఫొటో తీసి ఫ్లికర్‌లో పెట్టారు. పేరు చెబితే చాలు, వ్యాపారానికి కూడా ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద దాన్ని ఉంచారు. వర్జిన్ మొబైల్ సంస్థ ఆస్ట్రేలియా విభాగం ఆ ఫొటోను తీసుకొని, బాలికను ఎగతాళి చేసినట్లు ధ్వనించే నినాదంతో బస్టాపులో ప్రకటన పెట్టింది. ఆ సంగతి బాలిక కుటుంబానికి తరువాత ఎప్పుడో తెలిసింది. ఫొటో తీసినవారు అనుమతి ఇచ్చారు. ఫొటోలో ఉన్న బాలికను గాని, ఆమె తల్లిదండ్రులను గాని ఎవరూ అడగలేదు. కుటుంబం టెక్సాస్‌లో దావా వేసింది. ఆస్ట్రేలియా సంస్థ మీద విచారణ జరిపే అధికారం తమకు లేదంటూ అక్కడి న్యాయస్థానం 2009లో దాన్ని కొట్టివేసింది. న్యాయం ఎవరి పక్షాన ఉన్నదో తేలకుండానే కథ ముగిసింది. ప్రపంచంలో ఆ మూల నుండి ఈ మూలకు బొమ్మ ప్రయాణించడానికి క్షణం చాలు, దాని వెంట కోర్టు ప్రయాణించలేదు.

మన దేశంలో ఈ హక్కుకు పునాది 1994 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉన్నది. తమిళనాడుకు చెందిన ఆర్. రాజగోపాల్ కేసులో, ఒక వ్యక్తి పేరును గాని రూపాన్ని గాని సమ్మతి లేకుండా ప్రకటనలకు వాడడం ఆ వ్యక్తి ఏకాంతపు హక్కును భంగపరచడమేనని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఇటీవల ఈ హక్కును ఎక్కువగా వినియోగించుకుంటున్నవారు సినీ నటులు. అనిల్ కపూర్ 2023లో, మన నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టు నుండి రక్షణ ఉత్తర్వులు పొందారు. కృత్రిమ మేధతో తయారుచేసే నకిలీ బొమ్మలు కూడా ఈ ఉత్తర్వుల పరిధిలోకి వచ్చాయి. కంప్యూటరు గీసింది కాబట్టి ఎవరి అనుమతీ అవసరం లేదనుకుని అభిమాన నటునితో తమ బట్టల దుకాణం చీరను మోయించే వారు ఈ సంగతి గమనించాలి. అభిమాన సంఘం వారు పుట్టినరోజుకు కట్టే బ్యానరు వేరు, దుకాణం అమ్మకాల కోసం కట్టే బ్యానరు వేరు. మొదటిదాన్ని ఏ నటుడూ పట్టించుకోకపోవచ్చు. రెండవదాన్ని ముజఫర్‌నగర్ కథ ఉదాహరణగా పెట్టుకొని చూడాలి.

సినిమావారికి న్యాయవాదులు ఉంటారు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న కూలివారి అమ్మాయికి ఎవరుంటారు? ఫలితాలు వచ్చిన వారానికి ఆమె ముఖం రెండు మూడు సంస్థల ఫ్లెక్సీల మీద ప్రత్యక్షమవుతుంది. ఒకచోట ఆమె చదివి ఉంటుంది, రెండవచోట ఒక నమూనా పరీక్ష రాసి ఉంటుంది, మూడవచోట గడప కూడా తొక్కి ఉండదు. ఈ వ్యవహారం శ్రుతి మించడంతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సంస్థల ప్రకటనలపై మార్గదర్శకాలు జారీచేసింది. 50 మందికి మించి విద్యార్థులున్న కోచింగ్ కేంద్రాలు విద్యార్థి పేరు, ఫొటో వాడుకోవాలంటే లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఆ సమ్మతి కూడా విద్యార్థి విజయం సాధించిన తరువాతనే తీసుకోవాలి. చేరేటప్పుడే కాగితాల కట్టలో కలిపి సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఫొటోతో పాటు ఆ విద్యార్థి ఏ కోర్సు చదివిందో, దానికి డబ్బు కట్టిందో లేదో కూడా చెప్పాలి. నిబంధన కోచింగ్ కేంద్రాలకే అయినా సాధారణ పాఠశాలలు కూడా ఇదే పద్ధతి పాటించడానికి అడ్డేమీ లేదు. ఫ్లెక్సీ మీద తన బిడ్డ ముఖం చూసి మురిసిపోయే తల్లిదండ్రులే ఎక్కువ. మురిసిపోయే వారిని అడిగితే సంతకం పెట్టడానికి వెనుకాడరు. అడగకుండా వేసే అలవాటులో ఉన్నది పొదుపు కాదు, అలక్ష్యం.

పిల్లల విషయంలో మరొక చట్టం తోడవుతున్నది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారి సమాచారాన్ని వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటున్నది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ముఖ్య భాగాలకు 18 నెలల గడువు ఇచ్చారు. సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకంగా పనికివచ్చే మాట ఒకటి ఇందులో ఉన్నది. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చూసే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. కనుక రాయచూరులో ఉన్నా, రాయగడలో ఉన్నా, హోసూరులో ఉన్నా తెలుగు తల్లి తన భాషలో ఆ పత్రాన్ని అడగవచ్చు.

ఇక ఆగస్టు 15 నాటి దుకాణాల బ్యానర్ల గురించి ఒక మాట. జాతీయ చిహ్నం, జాతీయ పతాకం, మహాత్మాగాంధీ, ప్రధానమంత్రి పేరు, చిత్రం మొదలైనవాటిని కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడరాదని 1950 నాటి చట్టం ఒకటి ఉన్నది. 2016లో ఒక పెద్ద టెలికాం సంస్థ ప్రధానమంత్రి చిత్రంతో ప్రకటన ఇచ్చినపుడు, దానికి తాము అనుమతి ఇవ్వలేదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పవలసి వచ్చింది. దేశభక్తి దుకాణం పేరుతో కలిసి అచ్చయితే అది వ్యాపార ప్రకటనే.

"ఉచితం" అనే మాటలోని మెలిక

లైసెన్సు అంటే బొమ్మను కొనడం కాదు, కౌలుకు తీసుకోవడం. పొలం కౌలుకు తీసుకున్న రైతు పంట పండించుకోవచ్చు గాని పొలాన్ని అమ్ముకోలేడు, ఒప్పుకోని పని అందులో చేయలేడు. బొమ్మల సంగతీ అంతే. ఏ పనికి, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి అన్న మూడు మాటల మీద కౌలు నిలుస్తుంది.

ఫొటోలు అమ్మే సంస్థల్లో "రాయల్టీ ఫ్రీ" అన్న మాట తరచు కనబడుతుంది. దీన్ని ఉచితమని చాలామంది అపార్థం చేసుకుంటారు. ఒకసారి సొమ్ము చెల్లిస్తే వాడిన ప్రతిసారీ మళ్లీ చెల్లించనక్కరలేదని మాత్రమే దాని అర్థం. అందులోనూ మెలికలు ఉంటాయి. కరపత్రానికి, ఫ్లెక్సీకి సరిపోయే మామూలు లైసెన్సు, బొమ్మనే సరుకుగా అమ్మే వాటికి, అంటే ధర పెట్టి అమ్మే క్యాలెండర్లకు, బొమ్మ అచ్చువేసిన చొక్కాలకు సాధారణంగా సరిపోదు. అధిక రుసుముతో వేరే లైసెన్సు తీసుకోవాలి. "ఎడిటోరియల్" అని గుర్తు ఉన్న ఫొటోలు వార్తలకే గాని ప్రకటనలకు పనికిరావు. ఫొటోలోని మనుషుల సమ్మతి వాటికి తీసుకొని ఉండరు.

క్రియేటివ్ కామన్స్ పద్ధతి 2002లో అమెరికాలో మొదలై లోకమంతా వ్యాపించింది. వికీపీడియాలో కనబడే ఫొటోల్లో అనేకం దీని కిందనే ఉన్నాయి. ఇందులో అక్షరాలు చదవడం నేర్చుకోవాలి. "బీవై" అంటే తీసినవారి పేరు వేయాలి. "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడరాదు. "ఎన్‌డీ" అంటే బొమ్మను మార్చరాదు. "ఎస్ఏ" అంటే దానితో తయారుచేసిన దాన్ని కూడా అదే షరతులతో ఇతరులకు ఇవ్వాలి. "ఎన్‌సీ" ఉన్న మామిడికాయల ఫొటోను ఆవకాయ సీసా లేబులు మీద వేస్తే, పొదుపు సంఘం వారు ఎంత బీదవారైనా, షరతు తప్పినట్లే. "బీవై" మాత్రమే ఉంటే మూలన చిన్న అక్షరాల్లో పేరు వేసి నిశ్చింతగా ఉండవచ్చు. మన ప్రకటనల్లో ఆ పేరు వేయడం అరుదు. అంగుళం స్థలం ఖర్చు లేని పని అది. అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే వంటి చోట్ల వ్యాపారానికి కూడా ఉచితంగా ఫొటోలు దొరుకుతాయి. అయినా అక్కడ తెరుచుకునేది మొదటి తాళమే. ఫొటోలోని మనిషి ఒప్పుకున్నట్లు హామీ ఉండదు. వాటి షరతులూ కాలక్రమాన మారాయి గనుక, దించుకున్న రోజునే లైసెన్సు పేజీని కూడా భద్రపరచుకోవడం మంచిది.

ఇంతకీ సరిహద్దు గ్రామంలోని బడి కరపత్రం మీద ఐరోపా పిల్లల నవ్వులు ఎందుకో అర్థం కాదు. ఆ బడిలో చేరే పిల్లవాడు తనలాంటి ముఖాన్ని ఆ కాగితం మీద ఎన్నడూ చూడడు.

నోటీసు వస్తే

2016లో అమెరికాలో ఒక వింత జరిగింది. కరోల్ హైస్మిత్ అనే ప్రసిద్ధ ఫొటోగ్రాఫరు తన 18 వేలకు పైబడిన ఫొటోలను ప్రజలందరి కోసం అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చివేశారు. కొంతకాలానికి, ఆమె తన సొంత ఫొటోను వాడుకున్నందుకు 120 డాలర్లు చెల్లించాలంటూ వసూలు సంస్థ ఒకటి ఆమె సంస్థకే ఉత్తరం రాసింది. ఆమె గెట్టీ ఇమేజెస్ తదితరుల మీద వంద కోట్ల డాలర్లకు దావా వేశారు. హక్కును లోకానికి ధారపోశారు గనుక కాపీరైటు పేరున అడగజాలరంటూ అందులో అధిక భాగాన్ని న్యాయస్థానం ఆ సంవత్సరమే కొట్టివేసింది. వసూలు ఉత్తరం వచ్చినంత మాత్రాన అందులోని మాట నిజం కానక్కరలేదని ఈ ఉదంతం చెబుతున్నది.

కనుక నోటీసు వస్తే భయపడి వెంటనే డబ్బు పంపరాదు. చించి పారవేయనూ రాదు. ముందుగా బొమ్మను తొలగించాలి. ఆ బొమ్మపై తమ హక్కుకు రుజువు, సొమ్ము లెక్కకు ఆధారం చూపమని రాతపూర్వకంగా అడగాలి. డీటీపీ సెంటరు దగ్గరో, డిజైనరు దగ్గరో బొమ్మకు లైసెన్సు ఉన్నదేమో విచారించాలి. ఆధారం లేని బెదిరింపులకు గురైనవారు తామే న్యాయస్థానానికి వెళ్లి వాటిని ఆపించుకునే వీలు కాపీరైటు చట్టంలోని 60వ సెక్షనులో ఉన్నది. బొమ్మకు కాపీరైటు ఉన్నదని తనకు తెలియదని, తెలిసే అవకాశమూ లేదని ప్రతివాది రుజువు చేయగలిగితే, నష్టపరిహారం బదులు ఆ బొమ్మ వల్ల వచ్చిన లాభంలో కొంత లేదా మొత్తం మాత్రమే ఇప్పించే వెసులుబాటు 55వ సెక్షనులో ఉన్నది. అంతర్జాలంలో దొరికిన ఫొటో విషయంలో ఈ వాదన నిలబెట్టడం కష్టమే. తెలిసి తెలిసి ఉల్లంఘించినవారికి 63వ సెక్షను కింద ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఈ నేరానికి పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక పూట ఫ్లెక్సీకి ఇది బరువైన శిక్షే. వ్యాపార లాభం కోసం చేయని సందర్భాల్లో న్యాయస్థానం దీన్ని తగ్గించవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. పొదుపు సంఘాల వారు దీన్ని ఉపయోగించుకోవాలి.

వీటన్నింటికన్నా చౌకైన మార్గం సొంత ఫొటో. సొంత మామిడితోట, సొంత మగ్గం, సొంత బడి, ఒప్పుకున్న సొంత మనుషులు. ఊరి స్టూడియో అబ్బాయిని పిలిపించి, సగం పూట కూలి ఇచ్చి, పది ఫొటోలు తీయించుకుంటే రెండు మూడేళ్ల ప్రచారానికి సరిపోతాయి. అప్పుడు ఒక చీటీ రాసుకోవాలి. చట్టం ఏ భాషనూ నిర్దేశించలేదు గనుక ఇరుపక్షాలకూ చదవవచ్చిన భాషలో రాసుకోవచ్చు. స్టూడియో అబ్బాయి కన్నడం వాడు, సంఘం వారు తెలుగువారు అయితే ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. కాలం రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకు అని చట్టం తానే అనుకుంటుంది. విదేశాల్లో ఉన్న తెలుగువారికి పచ్చళ్లు పంపే సంఘాలు "అన్ని దేశాలకు" అని ప్రత్యేకంగా రాసుకోవాలి.

చీటీలో ఉండవలసింది ఇంతే: "ఫలానా తేదీన తీసిన ఈ పది ఫొటోలను మా సరుకుల లేబుళ్లు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఫోను ప్రచారాలకు ఫలానా సంవత్సరం వరకు, అన్ని దేశాలలో వాడుకోవడానికి తీసినవారు ఇంత సొమ్ము పుచ్చుకొని సమ్మతించారు. ఫొటోలో ఉన్నవారు సమ్మతించారు. పిల్లల తరఫున తల్లి లేదా తండ్రి సంతకం చేశారు." కింద సంతకాలు, వేలిముద్రలు, తేదీ. దానికి ఫొటో నకలు ఒకటి పిన్ను చేసి, సంఘం తీర్మానాల పుస్తకంలో పెట్టాలి.